అక్క ముక్కు, మూడేళ్ళ ఒప్పందం

దర్జీ కొట్టు పైన, మేడమీది గది
వానలు మొదలైన వారం

మా ఇంటి హైకోర్టు అయిన అక్కకు తమ్ముడు చేతులు కట్టుకుని విన్నవించుకునేది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం. నా కుర్చీకి మాత్రం ఒక కాలు క్షేమంగా లేదు. దాని కింద నిఘంటువు పెట్టాను. కాలేజీలో కొన్న పుస్తకాల్లో నన్ను నిలబెట్టింది అదొక్కటే. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను.

ముఖ్యమైన సంగతులు ఫోనులో మాట్లాడుకోకూడదని నువ్వు పెట్టిన చట్టం ప్రకారమే ఈ ఉత్తరం. పోయినసారి ఫోనులో నువ్వు తిన్నావా అని అడిగావు, తిన్నానన్నాను, ఆ తర్వాత రెండు నిమిషాలకే ఎందుకు పోట్లాడుకున్నామో నాకిప్పటికీ తెలియదు. ఉత్తరంలో అయితే నువ్వు నా మాటకి అడ్డురాలేవు. ఈ చట్టం చేసినప్పుడు ఈ సంగతి నీకు తట్టినట్టు లేదు.

విషయమేమిటంటే, ఒక బొమ్మల ఏజెన్సీ నన్ను పిలిచింది. అదేం జంతువని బావగారు అడిగేలోపు నేనే చెబుతాను. పుస్తకాలకీ, పోస్టర్లకీ, సబ్బు డబ్బాలకీ బొమ్మలు కావలసినవాళ్ళు ఏజెన్సీకి వెళతారు. ఏజెన్సీ నాలాంటివాడి చేత గీయించి, తన వాటా ఉంచుకుని మిగతాది గీసినవాడికి ఇస్తుంది. ఇప్పుడు నేను చేసేది సొంతపని. అంటే పని వెతికేదీ, గీసేదీ, డబ్బు కోసం తిరిగేదీ, గుమ్మంలో నిలబడి నవ్వేదీ అన్నీ నేనే. సొంతపనిలో ఒక సుఖం లేకపోలేదు. యజమానిని నేనే కాబట్టి సెలవు అడిగితే వెంటనే ఇచ్చేస్తాను. మా సంస్థ ఇలా ఉండటానికి కారణం కూడా అదే.

కష్టం ఎలాంటిదో ఒక్కటి చెబుతాను. మొన్న బూట్ల కొట్టాయనకి బూటు గీసి ఇచ్చాను. చూసి, బాగుంది గానీ కాస్త నవ్వుతున్నట్టు ఉంటే బాగుండేదన్నాడు. నవ్వించాను. మళ్ళీ చూసి, ఇంత నవ్వితే కుట్లు ఊడినట్టుంది, కొనేవాళ్ళు భయపడతారన్నాడు. ఇప్పుడా బూటు పెదవి విప్పకుండా నవ్వుతోంది. దాని మొహం చూస్తే నాకే జాలేస్తుంది.

ఏజెన్సీలో చేరితే ఆ బూట్లాయనతో ఏజెన్సీ నడిపే మేడమే మాట్లాడుకుంటుంది. నేను గదిలో కూర్చుని గీసుకోవచ్చు. నెల నెలా పని ఉంటుంది. బదులుగా మూడేళ్ళు వాళ్ళకి తప్ప ఇంకెవరికీ గీయకూడదు. ఒకే శైలిలో గీయాలి, దారి మార్చకూడదు. వానలు వెలిసేలోపు ఏదో ఒకటి చెప్పమంది.

తీర్పు ఇప్పించవలెను.

ఇట్లు,
ముద్దాయో ఫిర్యాదీయో తనకే తెలియని నీ తమ్ముడు


స్టాఫ్ రూము, కిటికీ పక్క కుర్చీ

ఒరేయ్ బుడంకాయ్,

సంతకం పెట్టు.

ఉత్తరం ఇక్కడితో అయిపోయింది గానీ, పీరియడ్ ఇంకా మిగిలి ఉంది కాబట్టి రాస్తున్నాను.

మీ తమ్ముడేం చేస్తాడని ఇక్కడ అందరూ అడుగుతారు. బొమ్మలు గీస్తాడంటాను. అది సరేనండీ, ఏం చేస్తాడంటారు. ఇకనుంచి ఏజెన్సీలో చేస్తాడని చెబుతాను. ఏజెన్సీ అంటే ఏమిటో వాళ్ళకీ తెలియదు కాబట్టి గౌరవంగా తలూపుతారు. మీ బావకి సొంతపని అంటే ఖాళీ అనే అర్థం చిన్నప్పుడే స్థిరపడిపోయింది. నీళ్ళ ఆఫీసులో పనిచేసే మనిషి, రోజూ ఒకే కుర్చీలో కూర్చోకపోతే దాన్ని ఉద్యోగం అనుకోలేరు.

మూడేళ్ళు ఒకే పని చేయమంటే నీకు బాధగా ఉందా? నేను పన్నెండేళ్ళుగా ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ఒక్క భిన్నమైనా మారిందా?

ఇంకోమాట. నీ బొమ్మలు ఒక్కటీ నాకు చూపించవు. అడిగితే ఇంకా ఆరలేదంటావు. ఏ రంగురా అది, ఏళ్ళ తరబడి ఆరనిది? ఈసారి ఉత్తరంతో పంపు. నేనేమీ అననులే.

బెల్లు కొట్టారు.

అక్క


మేడమీది గది
వాన ఆగని మధ్యాహ్నం

అక్కకు,

ఆజ్ఞ ప్రకారం ఒక బొమ్మ జతచేస్తున్నాను. అది లారీ. లోపల డ్రైవరు ఏడీ అని అడుగుతావు. టీ తాగడానికి దిగాడు. క్లీనరు కూడా వెంట వెళ్ళాడు. ఇంకో రెండు బొమ్మలు పెడదామనుకున్నాను గానీ కవరు బరువెక్కుతుంది.

సంతకం ఇంకా పెట్టలేదు. మధ్యలో ఒక చిక్కు వచ్చింది. పిల్లల పుస్తకాలు అచ్చువేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఆఫీసు ఒక గోడౌను లోపల. నిలువెత్తు కాగితం బొత్తుల మధ్య ఎక్కడో కూర్చుని ఉంటారు. దగ్గు వినిపించిన వైపు నడుచుకుంటూ వెళ్ళాలి. ఆయన ఒక పుస్తకం వేద్దామనుకుంటున్నారు. అందులో మాటలు దాదాపు ఉండవు. ఒక బస్సు మొదటి స్టాపులో బయలుదేరి చివరి స్టాపుకి చేరుతుంది. దారిలో ముప్ఫైమంది ఎక్కి దిగుతారు. అంతే కథ. నాకైతే విన్న వెంటనే చేతులు దురద పెట్టాయి.

మచ్చుకి రెండు బొమ్మలు గీసి తీసుకెళ్ళాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, మెల్లగా అడిగారు.

"బాబూ, ఈ బస్సులో అందరూ ఒకే తల్లి బిడ్డలా?"

బంధువులంతా కలిసి ఎక్కారేమోనండీ అన్నాను.

"కండక్టరు కూడానా?"

ఆ వారమే అవే బొమ్మలు ఏజెన్సీ మేడమ్‌కి చూపించాను. ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. వంద బొమ్మల మధ్య పడేసినా ఇది నీదేనని చెప్పవచ్చు, ఈ ఒక్క మొహమే నీ ఆస్తి, దీన్ని వదిలావంటే నిన్ను ఎవరూ గుర్తుపట్టరు అంది. ఒకరు రోగమన్నదాన్నే ఇంకొకరు అందమన్నారు. నేను ఎవరి మందు తాగాలో తెలియక గొడుగు అక్కడే మర్చిపోయి తడుస్తూ ఇంటికొచ్చాను.

అన్నట్టు, మీ ఊళ్ళో పుస్తకాల షాపులూ కిరాణా కొట్లూ బాగా దూరమా? ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు


ఇల్లు, భోజనాల బల్ల

ఒరేయ్,

నిన్న ఆరో తరగతిలో మొదటి బెంచీ పిల్ల చెయ్యెత్తింది. భిన్నాల్లో సందేహమేమో అనుకున్నాను. లేచి నిలబడి, బ్యాగులోంచి ఒక కథల పుస్తకం తీసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"టీచర్, ఈ ఎలుగుబంటివాళ్ళావిడ మీరేనా?"

క్లాసు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ పుస్తకం వంకా నా వంకా మార్చి మార్చి చూసి, లెక్క సరిపోయినట్టు తలలు ఊపారు.

పుస్తకం మీద నీ పేరు చూశాను. సాయంత్రం కిరాణా కొట్టుకి వెళ్ళాను. సబ్బు డబ్బా మీద తల్లి ముక్కు నాది, బిడ్డ ముక్కు నాది. బ్యాంకు గోడ మీద పోస్టరుంది. అందులో క్యూలో ఉన్నవాళ్ళందరి ముక్కూ నాదే, కౌంటరు లోపల కూర్చున్నవాడిదీ నాదే. మీ బావ దాని ముందు నిలబడి, మీవాళ్ళంతా ఒకేరోజు డబ్బు తీసుకోవడానికి వచ్చారేంటన్నారు. ఆయన పెళ్ళయ్యాక వేసిన మొదటి జోకు ఇది. అది కూడా నా ముక్కు మీదే.

ఆ మధ్యలో మెట్టు, ఆ చివర వంపు, ఏదో వాసన తగిలి నచ్చనట్టు ఆ విరుపు. అద్దం ముందు నిలబడి ఆ మెట్టుని వేలితో నొక్కుకుంటూ నేనెంత కాలం గడిపానో ఇంట్లో నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఫోటో తీస్తామంటే ఎదురుగా నిలబడతాను గానీ పక్కకి తిరగను. అలాంటిదాన్ని నువ్వు సబ్బు డబ్బాకెక్కించావు. టీ తాగడానికి దిగాడట డ్రైవరు. నాకు తెలియదనుకున్నావా?

ఏజెన్సీలో చేరు. ముక్కు తీసెయ్. రెండూ ఈ నెలలోనే అవ్వాలి.

అక్క అని కూడా రాయబుద్ధి కావడం లేదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను.

అక్క


మేడమీది గది

మహాఘనత వహించిన అక్క సముఖమునకు,

విషయము: ముక్కు.

ముద్దాయి నేరం ఒప్పుకుంటున్నాడు. అయితే చేసింది ముద్దాయి కాదు, ముద్దాయి చెయ్యి.

నేను బొమ్మలు నేర్చుకునే రోజుల్లో ఇంట్లో కదలకుండా కూర్చునే ప్రాణివి నువ్వొక్కదానివే. అమ్మ నిలబడిన చోట నిలబడేది కాదు. నాన్న కదలకుండా ఉండేది నిద్రలోనే, అప్పుడు దుప్పటి ముసుగు. దుప్పటి గీయడం కూడా నాకు బాగా వచ్చు. నువ్వేమో పరీక్షలకని కిటికీ దగ్గర పక్కకి తిరిగి కూర్చుని చదివేదానివి. వెలుగు సరిగ్గా ఆ మెట్టు మీద పడేది. నీకు డిగ్రీ వచ్చేసరికి నా చేతికి నీ ముక్కు వచ్చేసింది. ఇక ఎవరి మొహం మొదలుపెట్టినా చెయ్యి తనంతట తాను ఆ మెట్టు ఎక్కి దిగుతుంది. ఎలుగుబంటి విషయంలో నిజంగా ఆపడానికి ప్రయత్నించాను.

నీ ఉత్తరం అందాక ముక్కు లేకుండా గీయబోయాను. ఒకాయనకి వార్తాపత్రిక, ఒకావిడకి రుమాలు, పిల్లలకి బెలూన్లు అడ్డం పెట్టాను. మేడమ్ చూసి, ఊళ్ళో ఏదైనా జబ్బు తిరుగుతోందా అని అడిగింది. అప్పుడిక దాచలేక, ఆ ముక్కు మా అక్కదనీ, అక్క వద్దంటోందనీ చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అయితే మీ అక్క ఒప్పుకున్నట్టు ఒక కాగితం కావాలి, ముక్కు లేకపోతే మాత్రం ఒప్పందమే లేదంది.

కాబట్టి నువ్వు చెప్పిన రెండు పనులూ కలిసి జరగవు. సంతకం పెడితే ముక్కు ఉండాలి. ముక్కు తీస్తే సంతకం ఉండదు. నువ్వు కాదన్నావు గనక ఏజెన్సీ సంగతి ముగిసినట్టే. చాలా బాధగా ఉంది. ఎంత బాధగా ఉందంటే నిన్న రెండు సమోసాలు తిన్నాను, రుచే తెలియలేదు.

ఇక ఒక మనవి. బస్సులో ముప్ఫైమందికి ముప్ఫై ముక్కులు కావాలి. నా దగ్గర ఒక్కటే ఉంది, అది కూడా నువ్వు వెనక్కి తీసుకున్నావు. వీధిలో ఎవర్నయినా తేరిపార చూస్తే వాళ్ళు నన్ను తేరిపార చూస్తున్నారు. కింద దర్జీ మొహం గీద్దామని కూర్చుంటే కొలతలివ్వడానికి వచ్చాననుకుని చొక్కా కుట్టేశాడు. మీ స్టాఫ్ రూములో రకరకాల మొహాలుంటాయి. నీ కళ్ళతో చూసి మాటల్లో రాసి పంపు. ఫోటోలు పంపకు, చూసి గీస్తే మళ్ళీ చెయ్యి పాత దారే పడుతుంది.

అడిగే అర్హత నాకు లేదు. అయినా అడిగాను.

నీ తమ్ముడు


స్టాఫ్ రూము

బుడంకాయ్,

నీ మీద కోపం పోలేదు. అది వేరే, ఇది వేరే.

హెడ్మాస్టరు: లోపలికి పీల్చుకున్న ముక్కు. ఎప్పుడో చిన్నప్పుడు గట్టిగా గాలి పీల్చి, వదలడం మర్చిపోయినట్టుంటుంది.

డ్రిల్లు మాస్టారు: రెండుసార్లు విరిగింది. మొదటిసారి వచ్చిన వంకరని రెండోసారి సరిచేయబోయి సగంలో వదిలేసినట్టుంటుంది. ఎడమవైపు నుంచి చూస్తే పోలీసు, కుడివైపు నుంచి చూస్తే దొంగ.

లైబ్రరీ మేడమ్: ఆవిడకి ముక్కు ఉందని చెప్పలేం. కళ్ళజోడు పెట్టుకోవడానికి కాస్త చోటు ఉంది.

సైన్సు మాస్టారిది బంగాళదుంప అని రాయబోయి ఆగాను. అలా రాస్తే ఎవరైనా రాస్తారు. ఉడికిన బంగాళదుంపని బొటనవేలితో ఒక్కసారి నొక్కి, తప్పు చేశామని వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మీ బావ ముక్కు గురించి కూడా రాద్దామని నిన్న సాయంత్రం ఎదురుగా కూర్చుని శ్రద్ధగా చూశాను. ఏంటన్నారు. ఏం లేదన్నాను. అప్పటినుంచి ఇంట్లో కాస్త కంగారుగా తిరుగుతున్నారు. ఈ పొద్దున అడక్కుండానే కూరగాయలు తెచ్చారు. చూడగా ఆయన ముక్కు మంచి ముక్కే. నిటారుగా వచ్చి, చివర్లో చెప్పాలా వద్దా అని ఆగిపోతుంది. ఇన్నేళ్ళూ నేను గమనించనే లేదు.

మిగతావాళ్ళని కూడా చూసి రాస్తాను. స్టాఫ్ మీటింగులో నాకిప్పుడు అస్సలు విసుగనిపించడం లేదు.

అవునూ, ఆ ఏజెన్సీ ఏ వీధిలో ఉంది? ఊరికే అడుగుతున్నాను.

అక్క


మేడమీది గది
వానలు తెరిపిచ్చిన రోజు

అక్కా,

ముందు మంచి వార్త. మీ డ్రిల్లు మాస్టారి ముక్కు గీయడానికి కూర్చుంటే నా చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. ఎటు వెళ్ళాలో దానికి తెలియలేదు. నేను బొమ్మలు గీయడం మొదలుపెట్టినప్పటి బెదురు మళ్ళీ వచ్చింది. చింపాను, గీశాను, చింపాను. గదిలో కాళ్ళు పెట్టే చోటు లేదు. చివరికి ఒక మనిషి కూర్చున్నాడు, కిటికీ పక్క సీట్లో, సగం పోలీసు, సగం దొంగ. పట్టుకెళ్ళి పెద్దాయనకిచ్చాను. భూతద్దం పక్కన పెట్టి అడిగారు.

"ఈయన ఏ స్టాపులో దిగుతాడు?"

ఆ ప్రశ్నకి నేను ఇంటిదాకా ఎగురుకుంటూ వచ్చాను. అది నాకు దొరికిన పొగడ్తల్లోకెల్లా పెద్దది. లేని మనిషి ఎక్కడ దిగుతాడని ఎవరూ అడగరు.

ఇక రెండో వార్త. నిన్న ఏజెన్సీకి వెళ్ళాను. మా అక్క ఒప్పుకోలేదండీ, నా దురదృష్టం, సెలవు, అని చెప్పడానికి మొహం దిగాలుగా పెట్టుకుని మెట్లెక్కాను. మేడమ్ నవ్వుతూ ఒక కాగితం నా ముందు పెట్టింది. కింద నీ సంతకం. ప్రోగ్రెస్ కార్డుల మీద చేసినట్టే దాని కింద రెండు గీతలు.

ఎప్పుడొచ్చావు? ఎందుకొచ్చావు? నాకెందుకు చెప్పలేదు?

గోడ మీద ఒక చార్టు కూడా వేలాడదీశారు. నీ ముక్కు ఎదురుగా, పక్కగా, నవ్వుతూ, ఏడుస్తూ, తుమ్ముతూ. ఏ వంపు ఎంత ఉండాలో కొలతలతో సహా. అక్కడ పనిచేసే ఇద్దరు ఆర్టిస్టులు అప్పటికే దాన్ని చూసి గీస్తున్నారు. బాగానే గీస్తున్నారు. మేడమ్ మంచి మనసుతోనే చెప్పింది, ఇక నువ్వు కంగారు పడక్కర్లేదు, నీకు జ్వరమొచ్చినా పని ఆగదు అని. నేను తలూపాను. కుర్చీలో కూర్చున్నాను. అది నాలుగు కాళ్ళ మీద నిలబడింది. అలాంటి కుర్చీలో కూర్చుని చాలా కాలమైంది అక్కా.

నిజం చెబుతాను. ఇన్నాళ్ళూ నీ కోపాన్ని గొడుగులా పట్టుకుని నిలబడ్డాను. అక్క వద్దంది, నేనేం చేస్తాను, అని అందరికీ చెప్పుకున్నాను, నాకు కూడా చెప్పుకున్నాను. నువ్వొచ్చి గొడుగు లాక్కుపోయావు. ఇప్పుడు కావాలో వద్దో నేనే చెప్పాలి. వారం గడువిచ్చింది.

తమ్ముడు


ఇల్లు, భోజనాల బల్ల

తమ్ముడూ,

చెప్పి వస్తే నువ్వు గది సర్దేవాడివి. అందుకే చెప్పకుండా వచ్చాను. నువ్వు బయటికి వెళ్ళావని కింద దర్జీ చెప్పి, తాళం తీశాడు. నీ కుర్చీ చూశాను. నీ మంచం మీద బొమ్మలు పడుకుని ఉన్నాయి, దుప్పటి నేల మీద ఉంది. కుంచెలు కడిగే గ్లాసు, టీ తాగే గ్లాసు ఒకటేరా. ఆ టీ అడుగున నీలం రంగు కనబడింది. ఏదీ ముట్టుకోకుండా తలుపు వేసి, దర్జీని దారి అడిగి తిన్నగా ఏజెన్సీకి వెళ్ళాను.

వెళ్ళేటప్పుడు పోట్లాడదామనే అనుకున్నాను. దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే ఆ ఇద్దరు ఆర్టిస్టులూ లేచి నిలబడ్డారు. మేడమ్ కూడా లేచింది. నేనెవరో ఎవరూ అడగలేదు. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఒక్క క్షణం పక్కకి తిరుగుతారా అని బతిమాలినట్టు అడిగారు. తిరిగాను. ఈ ముక్కుని చూసి నవ్వు ఆపుకున్నవాళ్ళు తెలుసు, జాలిపడ్డవాళ్ళు తెలుసు. లేచి నిలబడ్డవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. తిట్లన్నీ మర్చిపోయి మంచినీళ్ళు అడిగాను.

కానీ కాగితం మీద సంతకం పెట్టింది అందుకు కాదు. ఆ గ్లాసు చూసి పెట్టాను. మూడేళ్ళే కదా. ముక్కే కదా. ఆరో తరగతికి ఎలాగూ తెలిసిపోయింది.

నువ్వు సంతకం పెట్టు. ఈ ఒక్కసారికి హాస్యాలాడకు.

అక్క


మేడమీది గది

అక్కా,

పెట్టలేదు.

ఈ ఉత్తరం నువ్వు చింపే ముందు తర్వాతి పేరా దాకా చదువు. ఆ తర్వాత చింపు, నేనేమీ అనుకోను.

ఏడు రోజులూ ఆ కుర్చీ గురించే ఆలోచించాను. వెళ్ళేదాకా సంతకం పెట్టడానికే వెళుతున్నాననుకున్నాను. పెన్ను కూడా మంచిది పట్టుకెళ్ళాను. మేడమ్ కాగితాలు తీసింది. ఆ పక్కనే కుర్రాడొకడు చార్టు చూడకుండా నీ ముక్కు గీసేస్తున్నాడు. వాడికి వచ్చేసింది. నాకు ఎన్నేళ్ళో పట్టింది, వాడికి పది రోజుల్లో వచ్చింది. నాకేమీ అసూయ కలగలేదు. పైగా ఆ మొహంలో నువ్వు లేవు. కొలతలున్నాయి.

"మేడమ్, ఆ ముక్కు నాకు వచ్చు. నాకు రానివి గీయాలనుంది" అన్నాను.

రానివాటికి ఎవరు డబ్బిస్తారని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే. తెలియదన్నాను. అక్కయ్యగారు అంత దూరం వచ్చి సంతకం పెట్టి వెళ్ళారు కదా అంది. పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. అందుకే మరీ వద్దండీ అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. నీకు అర్థమవుతుందేమోనని రాస్తున్నాను. నువ్వు నా కోసం ఆ మొహం పక్కకి తిప్పావు. నేను దాన్ని మూడేళ్ళు సబ్బు డబ్బాల మీద అరగదీస్తే ఇక నిన్ను చూడటం కూడా నాకు రాకుండా పోతుంది.

నీ కాగితం వెనక్కి అడిగి తెచ్చుకున్నాను. చార్టు వాళ్ళే దించేశారు, నీ సంతకం లేకపోతే అది చెల్లదట. ముక్కు ఇప్పుడు పూర్తిగా నీ సొంతం. ఏ వైపు కావాలంటే ఆ వైపు తిప్పుకో.

నా పరిస్థితి మారిందని అబద్ధం చెప్పను. పెద్దాయన బస్సు పుస్తకం ఇచ్చారు గానీ, డబ్బు ఎప్పుడిస్తారన్న ప్రశ్నకి దగ్గుతారు. బూట్లాయన ఈసారి చెప్పుల బొమ్మ అడిగాడు, కాస్త గంభీరంగా ఉండాలట. రేపే మొదలుపెడతాను. గంభీరంగా ఉండటానికి చెప్పులకి నాకున్నన్ని కారణాలు ఉండవు.

రెండో గ్లాసు కొన్నాను. దాని మీద టీ అని రాశాను.

నీ తమ్ముడు


ఇల్లు
ఎండలు ముదిరిన వారం

ఒరేయ్ బుడంకాయ్,

అప్పుడు నీ ఉత్తరం చింపాను. మర్నాడు అతికించాను. ఆ తర్వాత ఇన్నాళ్ళూ జవాబు ఎందుకు రాయలేదంటే, రాస్తే మెత్తబడ్డానని నువ్వనుకుంటావని.

బస్సు పుస్తకం అందింది. స్టాఫ్ రూముకి పట్టుకెళ్ళాను. డ్రిల్లు మాస్టారు తనని తాను గుర్తుపట్టి నాలుగు కాపీలు తెప్పించమన్నారు. హెడ్మాస్టరు తన బొమ్మ దగ్గర ఆగి, ఈయన్ని ఎక్కడో చూశానన్నారు. మీ బావ తన సీటు దొరికినప్పటినుంచి పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి బల్ల మీద పెడుతున్నారు. సొంతపని అంటే ఏమిటని ఎవరో అడిగితే, అది చాలా కష్టం లెండి అన్నారట ఆఫీసులో.

అందరూ ఉన్నారు. నేను లేను.

ముందు నుంచి వెనక్కి చూశాను, వెనక నుంచి ముందుకి చూశాను. ముప్ఫై ముక్కుల్లో నా ముక్కు లేదు. మొదటి బెంచీ పిల్ల కూడా వెతికి, మీరు బస్సు ఎక్కలేదా టీచర్ అంది. నేను భిన్నాలు మొదలుపెట్టాను. ముక్కు తీసెయ్యమన్నది నేనే. ఒప్పుకుంటాను. కానీ మనిషిని బస్సులోంచి దించెయ్యమన్నానా?

కోపంగా లేదు. ఏదో అడుగుదామనిపించి అడిగాను.

అక్క


మేడమీది గది

అక్కా,

చివరి నుంచి రెండో బొమ్మ తియ్యి. బస్సు ఆగి ఉంటుంది చూడు. డ్రైవరు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. కండక్టరు ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు నిలబడ్డాడు. బస్సులో వాళ్ళంతా మెడలు సాచి ఒకే వైపు చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నది మెట్టు మీద నిలబడి కండక్టరుకి ఏదో చెబుతున్న ఒకావిడని. మనకి ఆవిడ వీపే కనబడుతుంది. భుజానికి బరువైన సంచీ, అందులోంచి బయటికి వచ్చిన జవాబు పత్రాలు. చూపుడువేలు గాలిలో ఉంది. న్యాయం తన వైపు ఉన్నప్పుడు ఆవిడ మడమలు కాస్త పైకి లేస్తాయి, చూశావా?

పుస్తకం మొత్తంలో ఎక్కువ రోజులు పట్టింది ఆ వీపుకే. పెద్దాయన చూసి, ఈవిడెవరో గానీ నాకు లేచి నిలబడాలనిపిస్తోందన్నారు.

నువ్వు తీసెయ్యమన్న ముక్కు తీసేశాను. నువ్వు మాత్రం పోలేదు. నువ్వు చెప్పడం పూర్తయ్యేదాకా ఆ బస్సు కదలదు.

తమ్ముడు